మంచు లేని ఊళ్లో ఐస్ హాకీ: శ్రీకాకుళం పిల్లలకు ఏ శిబిరం, ఏ కోచ్?

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే శ్రీకాకుళంలో తల్లిదండ్రుల మాటలన్నీ వేసవి శిబిరాల చుట్టూనే తిరుగుతాయి. ఈతకు పంపాలా, కరాటేకా, క్రికెట్‌కా అన్నది ఏటా ఉండే చర్చే. స్కేట్ల మీద ఏడాదో రెండేళ్లో తిరిగిన పిల్లలున్న కొన్ని ఇళ్లలో మాత్రం ఇంకో కోరిక వినిపిస్తోంది: ఐస్ హాకీ. డాలస్‌లోనో టొరంటోలోనో ఉన్న పెదనాన్న కొడుకు ఆడుతున్న వీడియో చూస్తారు, మాకూ నేర్పించమంటారు. వేసవిలో నాగావళిలో నీటికన్నా ఇసుకే ఎక్కువ కనిపించే ఊళ్లో మంచు మీద ఆట ఏమిటని కొట్టిపారేయడం తేలిక. అడిగిందే తడవుగా ఢిల్లీకి టికెట్లు కొనేవాళ్లూ లేకపోలేదు. ఈ రెండు దారులూ వద్దనుకునేవాళ్ల కోసం ఈ పోలిక.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. మొదటి రెండేళ్లు మంచు కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దు. ఇంటికి దగ్గర్లో, వారానికి నాలుగైదు రోజులు ఓపిగ్గా నేర్పే కోచ్ దొరికితే ఆయన దగ్గరే ఉంచండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. ఆమెకు తొలి పాఠాలు చెప్పిన నీలంశెట్టి అప్పన్న స్థానికుడే. పెద్ద శిబిరాలు, విదేశీ కోచ్‌లు ఆ తర్వాతి సంగతి. బరువులెత్తడానికీ స్కేటింగుకీ పోలిక లేకపోవచ్చు కానీ, పిల్లల ఒంటికి అలవాటు పట్టేది రోజూ చూసే మనిషి దగ్గరే అన్నది రెండింటికీ వర్తిస్తుంది.

ఆట సంగతి క్లుప్తంగా. మంచు మీద ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ఆడే మంచు నేలను రింక్ అంటారు, దాని పొడవు సుమారు 60 మీటర్లు. బంతికి బదులు మూడు అంగుళాల అడ్డకొలత, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల, దాన్నే పక్ అంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాడు నిమిషం లోపే ఉన్న బలమంతా పెట్టి ఆడి బయటికి వచ్చేస్తాడు, ఇంకొకరు దిగుతారు. కర్రతో ఏం చేయాలన్నా ముందు కాళ్ల కింద జారుడు అదుపులో ఉండాలి. అందుకే శిబిరాల మధ్య తేడా అంతా చివరికి స్కేటింగ్ ఎలా నేర్పుతారన్న దగ్గరే తేలుతుంది.

ఊళ్లోని స్కేటింగ్ శిబిరం

మన దగ్గర స్కేటింగ్ ఎక్కువగా బడి ఆవరణలోనో, ఏదో ఒక సిమెంటు నేల మీదనో పొద్దున్నే నేర్పుతారు. ఎండ ముదరకముందే ముగించాలి. సాయంత్రం ఈదురుగాలితో వాన పడితే ఆ పూటకు సెలవే, తడి సిమెంటు మీద చక్రాలు నిలవవు. ఫీజు తక్కువ, ప్రయాణం లేదు, రోజూ జరుగుతుంది. ఈ మూడూ చిన్న సంగతులు కావు.

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది స్కేట్ల రకం. ముందు రెండు, వెనక రెండు చక్రాలు ఉండేవి క్వాడ్ స్కేట్లు. నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉండేవి ఇన్‌లైన్ స్కేట్లు. చిన్న పిల్లలకు క్వాడ్ మీద నిలబడటం తేలిక కాబట్టి చాలామంది మాస్టార్లు వాటితోనే మొదలుపెడతారు, అందులో తప్పు లేదు. అయితే మనసులో ఐస్ హాకీ ఉంటే ఏడాది లోపు ఇన్‌లైన్‌కు మారాలి. మంచు మీద స్కేట్‌కు ఉండేది ఒకే సన్నని బ్లేడు. దాని లోపలి అంచు మీద, బయటి అంచు మీద ఒరిగి తిరగడమే ఆటలో సగం. ఆ ఒరుగుడు ఇన్‌లైన్ మీద చాలావరకు వస్తుంది. మలుపులో ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేయడం, వెనక్కి నడపడం, మోకాళ్లు వంచి తోయడం కూడా మంచుకు పనికొస్తాయి. పనికిరానిది ఒక్కటే, ఆగడం. మంచు మీద రెండు పాదాలూ అడ్డంగా తిప్పి బ్లేడుతో మంచును గీరి ఆగుతారు. సిమెంటు మీద అదే పని చేయబోతే బొక్కబోర్లా పడతారు. ఎంత బాగా నేర్చుకున్న పిల్లలైనా మంచు మీదకి వెళ్లిన మొదటి రోజు ఆగలేక గోడను పట్టుకుంటారు. దానికి కంగారు పడాల్సిన పని లేదు.

కొనేటప్పుడు ఇంకో మాట. ఏడాదిపాటు వస్తాయని ఒక సైజు పెద్దవి కొనడం మన ఇళ్లలో చెప్పులకీ బూట్లకీ ఉన్న అలవాటు. స్కేట్లకు ఆ లెక్క పనికిరాదు. మడమ లోపల కదిలితే చీలమండ లోపలికి వంగుతుంది, ఆ వంకర అలవాటైతే వదిలించడానికి ఏడాది పడుతుంది. వాడినవైనా సరే, పాదానికి సరిపోయేవి కొనండి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు లేకుండా మొదటి రోజు కూడా దించవద్దు.

విశాఖ దాకా వెళ్లడం

శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. అక్కడ స్కేటింగ్ రింకులు ఉన్నాయి, జాతీయ రోలర్ స్కేటింగ్ పోటీలు జరిగిన నగరం అది. కర్ర పట్టి ఆడే శిక్షణ కావాలంటే మనకు దగ్గరి చోటు అదే. ఫోను చేసేటప్పుడు మాత్రం అడగాల్సింది ఒకటుంది: నేర్పేది రోలర్ హాకీయా, ఇన్‌లైన్ హాకీయా? రోలర్ హాకీని క్వాడ్ స్కేట్ల మీద పొట్టి వంపు కర్రతో, బంతితో ఆడతారు. ఇన్‌లైన్ హాకీలో కర్ర, పక్ ఐస్ హాకీని పోలి ఉంటాయి, గోల్‌కీపర్ కాక నలుగురు ఆడతారు, శరీరంతో ఢీకొట్టడం ఉండదు. రెండూ మంచి ఆటలే. ఐస్ హాకీకి తయారయ్యే పిల్లలకు మాత్రం రెండోదే సరైనది.

రోజూ బస్సులో వెళ్లి రావడం అనే ఆలోచన మానుకోండి. రానూ పోనూ నాలుగైదు గంటలు కూర్చున్న కాళ్లతో గంటసేపు స్కేటింగ్ చేయించడంలో అర్థం లేదు. ఊళ్లో వారమంతా కాళ్లకు సాధన, ఆదివారం మాత్రం విశాఖలో కర్రా పక్కూ, ఇలా కలుపుకుంటే రెండింటి లాభమూ దక్కుతుంది. అక్కడ బంధువులుంటే మేలో రెండు వారాలు వాళ్లింట్లో ఉంచడం ఇంకా నయం. విజయనగరం వాళ్లకు దూరం సగానికి సగం తగ్గుతుంది కాబట్టి వారానికి రెండుసార్లయినా వెళ్లవచ్చు.

మామూలు హాకీ

పిల్లలు నిజంగా కోరుకునేది ఏమిటో ఇక్కడ ఒకసారి విడదీసి చూడాలి. జారడం ఇష్టమా, కర్రతో గోల్ కొట్టడం ఇష్టమా? రెండోదైతే మైదానం హాకీ ఉండనే ఉంది. జిల్లా క్రీడాభివృద్ధి సంస్థ మే నెలలో నడిపే వేసవి శిబిరాల్లో ఆ ఏడాది హాకీ ఉందేమో కనుక్కోండి. ఇంకాస్త ముందుకు వెళ్తే కాకినాడలో ఆస్ట్రోటర్ఫ్ (కృత్రిమ గడ్డి) మైదానం ఉంది, ఇచ్ఛాపురం దాటితే హాకీని నెత్తిన పెట్టుకునే ఒడిశా ఉంది. ఖర్చు, అవకాశాలు, ఆడే జట్ల సంఖ్య, ఏది చూసినా మన ప్రాంతంలో మైదానం హాకీదే పైచేయి. పాస్ ఇచ్చే కోణం, తల ఎత్తి చూడటం అక్కడా ఇక్కడా ఒకటే. కర్ర పట్టు మాత్రం వేరు. మైదానం హాకీలో కర్రకు ఒకవైపే బంతిని తాకాలి, ఎడమచేతి వాటం కర్ర ఉండదు. ఐస్ హాకీలో రెండు వైపులా వాడవచ్చు, వాటాన్ని బట్టి కర్ర ఎంచుకుంటారు.

స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసమే శిబిరం వెతుకుతుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. ఏ క్రీడకు, ఏ స్థాయి పోటీకి విలువ ఉందో ఆ ఏటి ప్రభుత్వ ఉత్తర్వులో చూసుకోవడమే. శిబిరంలో చివరి రోజు ఇచ్చే రంగు కాగితానికి ఎక్కడా విలువ లేదు.

కోచ్‌ను ఎలా చూడాలి

శిబిరంలో చేర్చేముందు ఒక పూట వెళ్లి పక్కన నిలబడండి. ఒప్పుకోని శిబిరాన్ని అక్కడికక్కడే వదిలేయండి. వెళ్లాక, బాగా ఆడే పిల్లల మీద కళ్లు పెట్టకండి, వాళ్లు ఎక్కడైనా బాగానే ఆడతారు. వరుసలో అందరికన్నా వెనకబడిన పిల్లనో పిల్లవాడినో ఎంచుకుని, గంటలో మాస్టారు వాళ్ల దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారో చూడండి. పడినప్పుడు అరిచారా, నవ్వారా, వచ్చి చెప్పారా? ఏం చెప్పారు? "జాగ్రత్తగా ఆడు" అనేది పాఠం కాదు. "కుడి మోకాలు ఇంకొంచెం వంచు, చూపు నేల మీద కాదు, ఎదురుగా" అన్నది పాఠం. మంచి కోచ్ స్కేట్ల తాళ్లు కూడా చూస్తాడు. వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా కట్టించి, ఒకసారి నిలబడి మోకాళ్లు వంచమని, అప్పుడు మళ్లీ బిగిస్తాడు. ఈ పని తొందరపడి చేసే చోట పిల్లలు అరగంటకే కాళ్లు నొప్పంటూ కూర్చుంటారు.

ఇంకో లెక్క కట్టండి. ఇరవై మంది పిల్లలు ఒకే వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు అరనిమిషం చొప్పున స్కేట్ చేస్తే, ఒక్కొక్కరి వంతు రావడానికి పది నిమిషాలు పడుతుంది. గంటలో ఆరు వంతులు, అంటే మూడు నిమిషాల ఆట. యాభై ఏడు నిమిషాలు నిలబడటమే. అదే నేలను నాలుగు భాగాలు చేసి ఐదుగురి చొప్పున పంచితే పన్నెండు నిమిషాలు కదులుతారు. కొత్త నేలా అక్కర్లేదు, ఖర్చూ అక్కర్లేదు, నాలుగు ప్లాస్టిక్ శంకువులు పెడితే చాలు. అమెరికా హాకీ సంస్థ 2009లో పిల్లల శిక్షణ పద్ధతిని మార్చినప్పుడు చేసిందీ ఇదే. చిన్న పిల్లలను రింక్ పొడవునా పరుగెత్తించడం మాని, అడ్డంగా విభజించిన చిన్న చోట్లలో ఆడించడం మొదలుపెట్టింది. శ్రీకాకుళంలో సిమెంటు నేల మీద నేర్పే మాస్టారు ఆ సంస్థ పేరు వినకపోయినా ఈ పని చేస్తుంటే, ఆయన మంచి కోచ్.

అర్హతల విషయంలో బోర్డు మీద రాసింది చదివి ఊరుకోకండి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి కోచ్‌లను తయారుచేస్తోంది, ఎన్ఐఎస్ కోచ్ అంటే అక్కడ చదివారనే గౌరవం ఉంది. అయితే పూర్తి డిప్లొమా వేరు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. పైగా అది ఏ క్రీడలో చేశారన్నది ముఖ్యం. అథ్లెటిక్స్‌లో డిప్లొమా ఉన్నంత మాత్రాన స్కేట్లు నేర్పడం వచ్చినట్టు కాదు. జాతీయ పోటీల్లో ఆడిన కుర్రాళ్లు కోచ్‌లుగా ఉంటారు, వాళ్లు చేసి చూపించినంత బాగా ఎవరూ చూపించలేరు. కానీ ఆరేళ్ల పిల్లలతో ఓపిక పట్టడం ఆటతో పాటు వచ్చే విద్య కాదు. పీఈటీ మాస్టార్లలో ఆ ఓపిక ఎక్కువ, స్కేటింగ్ మెలకువలు తక్కువ. నాకైతే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఓపిక ఉన్నవాళ్లే మేలనిపిస్తుంది. పదేళ్లు దాటాక ఆడినవాళ్ల దగ్గరికి మార్చవచ్చు.

తలకు దెబ్బ తగిలినప్పుడు ఏం చేస్తారని తప్పకుండా అడగండి. నీళ్లు తాగించి మళ్లీ ఆటలోకి దించుతామంటే వద్దు. ఆ రోజుకు ఆట ఆపి, డాక్టరుకు చూపించాలి, ఇందులో బేరం లేదు. ఆడపిల్లలున్న శిబిరంలో, ముఖ్యంగా ఊరు దాటి పోటీలకు తీసుకెళ్లేటప్పుడు, మహిళ ఎవరైనా తోడు ఉండాలి. కోచ్ పిల్లలకు విడిగా సందేశాలు పంపకుండా తల్లిదండ్రులున్న బృందంలోనే పెట్టాలి. ఇవి అడిగితే నొచ్చుకునే మాస్టారు ఉంటారు, అయినా అడగాల్సిందే.

మంచు దాకా వెళ్లాలంటే

భారత్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో 1989లోనే చేరింది. 2025లో యూఏఈలో జరిగిన మహిళల ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు, ఆ జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ వాళ్లే. అక్కడ చలికాలంలో చెరువులే గడ్డకట్టి రింకులవుతాయి, లేహ్‌లో కృత్రిమ మంచు రింక్ కూడా ఉంది. 2018లో కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ అక్కడికి వెళ్లి అమ్మాయిలకు పాఠాలు చెప్పారు. ఐస్ హాకీ వాతావరణం అంటూ చూడాలంటే దేశంలో అదే చోటు.

కానీ మన పిల్లలకు అది మొదటి మజిలీ కాకూడదు. సహజ మంచు ఉండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. అప్పుడు మనకున్నవి సంక్రాంతి సెలవులు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. వెళ్లాక కనీసం రెండు రోజులు ఒళ్లు అలవాటు పడేదాకా ఆట మాటే ఎత్తకూడదు. ప్రయాణం, విశ్రాంతి పోగా మంచు మీద మిగిలేవి మూడు నాలుగు రోజులు. పండక్కి ఇంట్లో లేకపోవడం అదనం, దాన్ని మీ అత్తగారికి ఎలా చెబుతారో మీరే చూసుకోవాలి.

వేసవిలో వెళ్లదగ్గవి కప్పు ఉన్న రింకులు. గురుగ్రామ్‌లో ఒక మాల్ లోపల చిన్న రింక్ ఉంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన పెద్ద రింక్ ఏళ్ల తరబడి మూతబడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. సిమ్లా రింక్ పేరున్నదే కానీ అది ఆరుబయట చలికాలంలో గడ్డకట్టేది, మేలో దండగ. నా లెక్కలో గురుగ్రామ్ రుచి చూపించడానికి, డెహ్రాడూన్ నేర్పించడానికి. వెళ్లేముందు ఆ వారం మంచు ఉందా, హాకీకి సమయం కేటాయించారా లేక ఫిగర్ స్కేటింగ్‌కేనా (మంచు మీద నాట్యంలాంటి విన్యాసాలు), కోచ్ ఊళ్లో ఉన్నారా అన్నవి ఫోనులో తేల్చుకోండి. అద్దె స్కేట్లకు ముందు రంపపు పళ్లలాంటి మొన ఉంటే అవి ఫిగర్ స్కేట్లు, హాకీకి అలవాటు పడే పిల్లలు వాటితో ముందుకు తూలి పడతారు. హాకీవే అడగండి. బూటు సైజు కన్నా ఒకటో ఒకటిన్నరో తక్కువ సైజే సరిపోతుంది. కర్ర విషయంలో కొలత సులువు: స్కేట్లు లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్ల మీద నిలబడితే గడ్డం దాకా రావాలి.

ఇన్‌లైన్ మీద రెండు వైపులా మలుపు తిరగడం, వెనక్కి నడపడం రాని పిల్లలను ఇంత దూరం తీసుకెళితే గోడ పట్టుకుని తిరగడానికే ఆ డబ్బంతా పోతుంది.

చుట్టాలున్న దేశంలో శిబిరం

కెనడా, అమెరికాల్లో తమ్ముడో అక్కయ్యో ఉన్నవాళ్లకు ఇది అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. మొదటి అడ్డు కాలెండరు. మన బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. కెనడాలో బడులు మూసేదే జూన్ చివర్లో, శిబిరాలు జులై, ఆగస్టుల్లో. టెక్సాస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో మే చివరికే సెలవులిస్తారు కాబట్టి జూన్ మొదటి వారంలో ఏదైనా దొరకవచ్చు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఆరు వారాల చదువు పోగొట్టుకోవడం ఎంతవరకు మంచిదో ఎవరికి వారే చూసుకోవాలి.

రెండో అడ్డు స్థాయి. అక్కడ పదేళ్ల పిల్లలు నాలుగేళ్ల వయసు నుంచీ మంచు మీద ఉన్నవాళ్లు. వయసును బట్టి కాక స్థాయిని బట్టి విడదీసే శిబిరం, అందులోనూ కొత్తవాళ్ల తరగతి ఉన్నది వెతకాలి. పెద్ద ఆటగాడి బొమ్మతో ప్రకటన ఉంటే ఆయన ఎన్ని గంటలు మంచు మీద ఉంటారో అడగండి. చాలా చోట్ల ఆ పేరున్న మనిషి ఒక పూట వచ్చి ఫొటోలు దిగి వెళ్తారు, మిగతా వారమంతా నేర్పేది కాలేజీ కుర్రాళ్లు. వాళ్లు బాగా నేర్పరని కాదు, ఆ డబ్బు మాత్రం బొమ్మకు కడుతున్నట్టు. రోజుకు మంచు మీద ఎన్ని గంటలు, నేల మీద కసరత్తు ఎన్ని గంటలు, ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలు అన్న మూడు అంకెలు తెలిస్తే ధరలు పోల్చవచ్చు.

భద్రత విషయంలో అక్కడి నియమాలు మెరుగే. అమెరికాలో 2011 నుంచి, కెనడాలో 2013 నుంచి 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసు విభాగాల్లో శరీరంతో ఢీకొట్టడం నిషేధం. అమెరికా హాకీ సంస్థలో నమోదైన కోచ్‌లకు నేరచరిత్ర తనిఖీ, పిల్లల రక్షణ శిక్షణ తప్పనిసరి. కానీ ప్రైవేటు శిబిరాలన్నీ ఆ సంస్థ కిందికి రావు. ఈ తనిఖీలు చేశారా, దెబ్బ తగిలితే బీమా ఎవరిది అని మీ చుట్టాలచేత అడిగించండి. ముఖమంతా కప్పే జాలీ ఉన్న హెల్మెట్ లేకుండా ఎవరినీ దించకూడదు.

ఈ దారి ఎవరికి నప్పుతుందంటే, అక్కడ ఎలాగూ సెలవులు గడపబోతున్న, ఇక్కడ రెండేళ్లు ఇన్‌లైన్ చేసిన పిల్లలకు. శిబిరం కోసమే విమానం ఎక్కించేంత అవసరం నాకు కనిపించదు. ఆ టికెట్ల డబ్బుతో విశాఖ ఆదివారాలు ఏళ్ల తరబడి నడుస్తాయి.

గోల్‌కీపరే కావాలని పట్టుబట్టే పిల్లల సంగతి విడిగా చూడాలి. ఈ ఆటలో అన్నిటికన్నా ఖరీదైన సామాను వాళ్లదే, పెరిగే వయసులో ప్రతి రెండేళ్లకోసారి మార్చాలి. చాలా శిబిరాల్లో గోల్‌కీపర్‌ను మిగతావాళ్లు షాట్లు కొట్టుకోవడానికి నిలబెడతారే తప్ప వాళ్లకంటూ పాఠం ఉండదు. గంటలో పది నిమిషాలైనా కీపర్లతో విడిగా పనిచేసే కోచ్ ఉన్నారా అని అడగండి. లేకపోతే మొదటి ఏడాది మామూలు ఆటగాళ్లతోనే చేర్చండి. ఇంటి దగ్గర టెన్నిస్ బంతిని గోడకు కొట్టి ఒక్కో చేత్తో పట్టడం రోజూ చేయించవచ్చు. ప్యాడ్లు అద్దెకు ఇచ్చే శిబిరం దొరికేదాకా కొనవద్దు.